బాగుచేయడం వేరు, కొత్తగా చేయడం వేరు

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకి ఎర్రమట్టి కొత్త కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు తరాలుగా ఈ మోరం నేల మీదే బతుకుతున్నాయి. అదే నేల గట్టిపడి రాయైతే దానితో ఏం కట్టవచ్చో చూడాలంటే ఖరగ్‌పూర్‌లోని తాల్‌బగీచా నుంచి సుమారు 30 కిలోమీటర్లు వెళ్ళాలి. కేశియాడి దగ్గర గగనేశ్వర్ అనే పల్లెలో కురుంబెరా ఉంది.

అందరూ దాన్ని కోట అంటారు. నాకైతే ఆ మాట అతకదనిపిస్తుంది. కోట బయటికి చూస్తుంది, శత్రువు ఎటు నుంచి వస్తాడోనని. కురుంబెరా లోపలికి చూస్తుంది. పెద్ద ఆవరణ, దాని చుట్టూ వరుసగా రాతి స్తంభాలతో నడవా. మన గుళ్ళలో చుట్టు మండపం చూసినవాళ్ళకి ఇది ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. కట్టింది 15వ శతాబ్దంలో, గజపతి కపిలేంద్ర దేవుని కాలంలో అంటారు. రాజమహేంద్రవరాన్నీ కొండవీటినీ గెలుచుకున్న కపిలేంద్రుడే ఈయన. అప్పట్లో మేదినీపూర్ ప్రాంతం ఒడిశా ఏలుబడిలోనిదే. ఆ లెక్కన కొండవీడూ ఈ గగనేశ్వర్ పల్లే ఒకే రాజు కింద ఉన్నాయి. ఆవరణ లోపల వేదిక మీద మూడు గుమ్మటాల కట్టడం ఒకటుంది. అది ఔరంగజేబు కాలానిది, 1691లో మహమ్మద్ తాహిర్ కట్టించినది.

ఈ రెండు కాలాలనూ పక్కపక్కన చూడగలగడమే కురుంబెరా గొప్పతనం. మొదట రాయి సంగతి. కురుంబెరా కట్టిన ఎర్రరాయి లేటరైట్. దాన్ని ఒడియావాళ్ళు మాంకడా పథర అంటారు, బెంగాలీలు ఝామా పాథర్ అంటారు. నేలలో తడిగా ఉన్నప్పుడు మెత్తగా ఉంటుంది, దిమ్మలుగా కోయడం తేలిక. బయటికి తీసి గాలికీ ఎండకీ పెడితే ఆరి గట్టిపడుతుంది. అందులోని ఇనుమే దానికి ఎరుపునీ బలాన్నీ ఇస్తుంది. కానీ ఒళ్ళంతా చిల్లులు. గ్రానైట్ మీద, శాండ్‌స్టోన్ మీద చెక్కినంత సన్నటి పని దీని మీద కుదరదు. కాబట్టి లేటరైట్‌తో పనిచేసే స్థపతి అందాన్ని శిల్పంలో వెతకడు. కొలతల్లో, గోడ మందంలో, స్తంభాల వరుసలో చూపిస్తాడు.

ఇక పైకప్పు. స్తంభాల మీద ఒక్కొక్క వరుస రాయిని కింది వరుస కంటే కొంచెం ముందుకు జరుపుతూ పోతే రెండు వైపుల రాళ్ళూ దగ్గరవుతాయి. ఈ పద్ధతిలో బరువు ఎక్కువగా నిట్టనిలువుగా కిందికే దిగుతుంది. దీనికో పరిమితి ఉంది: వెడల్పాటి గది కట్టలేం. స్తంభాలు దగ్గరదగ్గరగా ఉండాలి, నడవా ఇరుకుగా పొడుగ్గా సాగాలి. గుమ్మటం దారి వేరు. అది మధ్యలో స్తంభం లేకుండా గది మొత్తాన్ని కప్పుతుంది. బదులుగా గోడల్ని పక్కకి నెడుతుంది. ఆ తోపుడుని ఆపడానికి మందపాటి గోడలు కావాలి. మధ్యయుగపు ఇంగ్లండులో ఊరి చర్చిలు కట్టిన తాపీవాళ్ళకీ ఇదే చిక్కు వచ్చింది. వాళ్ళు కమానుని మొనదేర్చి తోపుడుని తగ్గించారు, మిగిలినదానికి గోడ బయట ఊతగోడలు కట్టారు.

ఇంగ్లండు ప్రస్తావన ఊరికే తేలేదు. కురుంబెరాను ఎలా చూసుకోవాలన్న ఆలోచనకి వేరు అక్కడే ఉంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో పాత చర్చిలకి 'పునరుద్ధరణ' జబ్బు పట్టింది. తర్వాతి కాలాల్లో చేర్చినవి పీకేసి, పాత పూత గీకేసి, ఫలానా శతాబ్దంలో ఎలా ఉండేదో అలా చేస్తామన్నారు. ట్యూక్స్‌బరీ చర్చి వంతు వచ్చేసరికి విలియం మోరిస్ అడ్డం తిరిగాడు. 1877లో పాత కట్టడాల రక్షణకి ఒక సంఘం పెట్టాడు. ఆయన వాదన సూటిగా ఉంటుంది: ప్రతి తరం చేర్చిందీ కట్టడం చరిత్రే. ఏ ఒక్క పొరనో అసలైనదని తేల్చి మిగతావి చెరిపే హక్కు మనకి లేదు. పడిపోకుండా చూడండి, కొత్తగా చేయకండి.

1902లో మన పురావస్తు శాఖకి అధిపతిగా వచ్చిన జాన్ మార్షల్ ఇదే బాటలో నడిచాడు. 1923లో ఆయన వేయించిన మాన్యువల్ కూడా మరమ్మతు చేయమంటుంది కానీ పాతదాన్ని కొత్తదానితో మార్చమనదు. వలస పాలన నుంచి మనకి దక్కిన కొద్దిపాటి మంచిలో దీన్నీ లెక్కేస్తాను. గజపతుల నడవా గొప్పదా, మొగలుల గుమ్మటం గొప్పదా అని కురుంబెరాలో నిలబడి పంచాయితీ పెట్టేవాళ్ళకి నా జవాబు కూడా మోరిస్ జవాబే.

ఒక్క విషయంలో మాత్రం ఇంగ్లండు చర్చిలకున్న భాగ్యం కురుంబెరాకి లేదు. ఇంగ్లండు చర్చిలో ఈనాటికీ ప్రార్థన జరుగుతుంది, కాబట్టి కప్పు కారితే ఆదివారానికల్లా నలుగురికి తెలుస్తుంది. పైగా 1955 నాటి నిబంధనతో మొదలైన పద్ధతి ప్రకారం అయిదేళ్ళకోసారి నిపుణుడు వచ్చి తనిఖీ చేయాలి. చాలా మార్పులకి చర్చి వ్యవస్థ నుంచి అనుమతి తెచ్చుకోవాలి. కురుంబెరా పురావస్తు శాఖ రక్షణలో ఉంది. చట్ట ప్రకారం దాని చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. చట్టం ఇరుగుపొరుగు కట్టడాల్ని ఆపగలదు, వానని ఆపలేదు. చిల్లుల రాయి నీళ్ళు తాగుతుంది. సందులో పడ్డ రావి గింజ అక్కడే మొలుస్తుంది. అది చిటికెన వేలంత ఉన్నప్పుడే పీకేస్తే ఖర్చు లేదు, మానైతే గోడతో సహా పోతుంది. సందుల్లో సిమెంటు నింపడం ఇంకా ప్రమాదం: తడి బయటికి రాలేక రాయిలోనే ఉండిపోయి దాన్ని కొరుక్కు తింటుంది. మన పెద్దలు వాడిన గానుగ సున్నం తడిని వదులుతుంది, గోడ కదిలితే తానూ కాస్త కదులుతుంది. పాత కట్టడానికి అదే మందు.

చలికాలంలో ఖరగ్‌పూర్ నుంచి ఎన్నో కుటుంబాలు పిక్నిక్‌కి బయల్దేరతాయి. కురుంబెరాకి కూడా తప్పకుండా వెళ్ళండి. పిల్లలకి రాళ్ళ వరుసలు ఎలా ముందుకు జరిగాయో, గుమ్మటం ఎలా నిలిచిందో చూపించండి. స్తంభాల మీద పేర్లు గీకనివ్వకండి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 1958 చట్టం ప్రకారం రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.