సానపట్టే చేతులు

శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర్లో, రావిర్యాలలో వజ్రాల పనికని ఓ ప్రత్యేక ఆర్థిక మండలి వెలిసింది. సానపట్టే పనివాళ్లంటే నాకు మహా గౌరవం. నూనెలో కలిపిన వజ్రపు పొడి పూసిన ఇనుప చక్రం గిర్రున తిరుగుతుంటే రాయిని దానికి ఆనిస్తారు, చటుక్కున ఎత్తి భూతద్దంలో చూస్తారు, మళ్లీ ఆనిస్తారు. వజ్రం గట్టిదనం అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. ఎటు తిప్పితే అరుగుతుందో పసిగట్టడంలోనే ఉంది పనితనమంతా.

నీలి వజ్రమైతే ఆ పరీక్ష మరీ కఠినం. ఎంత చెక్కినా రంగు పలచబడకూడదు. ఆ రంగు బోరాన్ చలవ. బోరాన్ ఎక్కువగా ఉండేది భూమి పైపొరల్లో. మరి వజ్రాలు పుట్టే లోతుకెలా చేరింది? 2018లో 46 నీలి వజ్రాల్లోని ఖనిజపు నలుసుల్ని పరీక్షించిన శాస్త్రజ్ఞులు, అవి కనీసం 660 కిలోమీటర్ల లోతున పుట్టాయన్నారు. భూగర్భంలోకి కుంగిన సముద్రపు అడుగు పలకే బోరాన్‌ను మోసుకెళ్లి ఉంటుందన్నది వాళ్ల అంచనా. మామూలు వజ్రాలకు 150, 200 కిలోమీటర్లు చాలు.

మన కృష్ణా తీరపు కొల్లూరు గనిదని చెప్పే నీలి వజ్రాన్ని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 1668లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి అమ్మాడు. 1673లో ఆస్థాన నగల నిపుణుడు పితో దాన్ని మళ్లీ సానపట్టాడు. 112 క్యారెట్ల రాయి 67 అయింది. నేటి 45.52 క్యారెట్ల హోప్ వజ్రం అందులోంచి వచ్చిందే. అంత రాయి పోయిందని కొందరు నొచ్చుకుంటారు. నాకు మాత్రం పితో గుండెధైర్యమే గొప్పగా తోస్తుంది.