అక్షతలు లేని వ్రతకల్పం

గత నాలుగేళ్ళలో నేను శ్రద్ధగా చదివిన వచనంలో ఎక్కువ భాగం కథలూ కాదు, వ్యాసాలూ కాదు. పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లని విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగించడం ఎలాగో చెప్పే పుస్తకాలు. కంపెనీ మాన్యువల్స్, విడిభాగాల కేటలాగులు, సొంతంగా బాగుచేసుకునేవాళ్ళ కోసం రాసిన గైడ్లు. చాలామటుకు స్కాన్ చేసిన కాపీలే. రాజమండ్రిలో ఒక షెడ్డులో కూర్చుని, గ్రీజు వేళ్ళతో ఫోన్ మీద పేజీలు జరుపుకుంటూ చదివినవి. అవసరం కొద్దీ మొదలుపెట్టాను. చదవగా చదవగా ఇదీ ఒక సాహిత్యమేననీ, దీనికీ విమర్శ ఉండాలనీ అనిపించింది. మంచి వచనానికి ఉండాలని మనం కోరుకునే గుణాలు వీటిలో కొన్నిటికి పుష్కలంగా ఉన్నాయి. అయితే ఒక పెద్ద లోటూ ఉంది.

ముందు చుట్టరికం చెప్పాలి. నా చేతికొచ్చింది స్పోర్ట్స్ కారు కాదు. కోనసీమలో మా మావయ్య వాడి, తర్వాత పాతికేళ్ళపాటు పశువుల పాకలో గడ్డి మోపుల పక్కన వదిలేసిన స్టాండర్డ్ హెరాల్డ్. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌ని, 1961 నుంచి మద్రాసు శివార్లలో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా వాళ్ళు తయారుచేశారు. దాని రూపం గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్నీ మికెలోత్తి. అప్పటికి చాలా కార్లకి బాడీ, ఛాసిస్ ఒకే ముద్దగా రావడం మొదలైంది. హెరాల్డ్‌కి మాత్రం ఛాసిస్ వేరు, దాని మీద బోల్టులతో బిగించే బాడీ వేరు. తమకి బాడీలు చేసిచ్చే కంపెనీని పోటీదారు కొనేయడంతో స్టాండర్డ్ ట్రయంఫ్ వాళ్ళు బాడీని ముక్కలుగా చేయించుకుని బిగించుకోవాల్సొచ్చింది. వాళ్ళ ఇబ్బంది మనకి కలిసొచ్చింది. ముక్కలుగా వచ్చే కారుని ఎక్కడైనా కూర్చుకోవచ్చు. మద్రాసులో దానికి నాలుగు తలుపులు కూడా పెట్టారు. ఇంగ్లండు హెరాల్డ్‌కి ఎప్పుడూ పక్కలకి రెండు తలుపులే.

అదే ఛాసిస్‌ని కురచచేసి, 1962లో రెండు సీట్ల స్పిట్‌ఫైర్‌ని తెచ్చారు. 1980 దాకా మూడు లక్షలకి పైగా అమ్మిన స్పోర్ట్స్ కారు అది. ఇంజను వంశం ఒకటే, ముందు చక్రాల అమరిక ఒకటే. అంటే స్పిట్‌ఫైర్ మా హెరాల్డ్‌కి పినతల్లి కొడుకు. వాడిని ప్రేమించేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు కాబట్టి వాడి గురించి రాసినవాళ్ళూ ఉన్నారు. కోనసీమలో కాలవ గట్టు మీద పాతిక అడుగుల చుట్టులో తిరిగిపోయే హెరాల్డ్‌ని బాగుచేయాలన్నా ఆ స్పోర్ట్స్ కారు పుస్తకాలే గతి.

ఈ సాహిత్యంలో ప్రధానంగా మూడు రకాలున్నాయి. ఒక్కోటీ ఒక్కో పాఠకుణ్ణి ఊహించుకుంటుంది.

మొదటిది కంపెనీ మాన్యువల్. ఇది ఊహించుకునే పాఠకుడు కంపెనీ డీలరు దగ్గర పనిచేసే మెకానిక్. అతని వెనక గోడకి చర్చిల్ కంపెనీ చేసిన ప్రత్యేక పనిముట్లు, నంబర్ల వారీగా వేలాడుతుంటాయి. ఫలానా నంబరు పుల్లర్‌తో లాగండి అంటుంది. పుల్లర్ లేకపోతే అన్న ప్రశ్న దానికి తట్టదు. వాక్యాలన్నీ ఆజ్ఞలు. విశేషణాలుండవు, కారణాలూ ఉండవు. శాసనం చదువుతున్నట్టుంటుంది.

రెండోది హేన్స్ మాన్యువల్. నా దృష్టిలో ఈ సాహిత్యంలో అసలైన రచయిత జాన్ హేన్స్. ఆయన బ్రిటిష్ వైమానిక దళంలో ఉండగా, ఏడెన్‌లో, ఒక స్నేహితుడి ఆస్టిన్ హీలీ స్ప్రైట్‌ని బాగుచేయడానికి పూనుకున్నాడు. కంపెనీ మాన్యువల్ మామూలు మనిషి కోసం రాసింది కాదని అప్పుడు అర్థమైంది. కారుని పూర్తిగా విప్పి, ప్రతి దశలోనూ ఫొటో తీసి, ఆ అనుభవంతో 1966లో తన మొదటి మాన్యువల్ వేశాడు. ఆ పుస్తకం కూడా స్పోర్ట్స్ కారు గురించే కావడం గమనించాలి. బ్రిటిష్ స్పోర్ట్స్ కారంటే డబ్బున్నవాళ్ళ బొమ్మ అని మనకి అనిపించవచ్చు. స్ప్రైట్‌లూ స్పిట్‌ఫైర్‌లూ కుర్ర గుమాస్తాలు కొనుక్కున్న చవక బళ్ళు. మెకానిక్‌కి ఇవ్వడానికి డబ్బుల్లేక తామే రెంచీ పట్టినవాళ్ళు వాళ్ళు. హేన్స్ వాళ్ళ పక్కన కూర్చుని రాశాడు. అతని వచనంలో నాకు నచ్చేది నిజాయితీ. తాను విప్పనిదాని గురించి రాయకూడదన్నదే అతని నియమం. మన విమర్శలో అనుభూతి ప్రామాణికత అంటుంటాం కదా, దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టదు.

మూడోది కేటలాగు. 1948లో కాలిఫోర్నియాలో మొదలైన మాస్ మోటార్స్ లాంటి విడిభాగాల వ్యాపారులు వేసేది. ఇందులో వాక్యాలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. గేర్‌బాక్స్‌ని విప్పి, ప్రతి పళ్ళచక్రాన్నీ, ప్రతి వాషర్‌నీ వరస తప్పకుండా గాల్లో నిలబెట్టినట్టు గీస్తారు. రాత్రిళ్ళు నిద్ర పట్టకపోతే నేను ఈ బొమ్మలు చూస్తుంటాను. లోకంలో ప్రతిదానికీ ఒక చోటూ, ఒక నంబరూ ఉన్నాయన్న భరోసా ఉంటుంది వాటిలో. ఆ భరోసా వట్టిది కాదు కూడా. ఎమ్‌జీబీ అనే స్పోర్ట్స్ కారు తయారీ 1980లో ఆగిపోతే, 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్ళు పాత అచ్చులు వెతికి తెచ్చి, దాని బాడీని మళ్ళీ కొత్తగా కొట్టడం మొదలుపెట్టారు. అంటే కారంతా తుప్పుపట్టి పోయినా, కేటలాగు చూసి కొత్త కారు కొనుక్కోవచ్చు. కర్రు మార్చి, మేడి మార్చి, కాడి మార్చి, ఇది మా తాత నాగలే అన్నట్టు. దాన్ని నేను తప్పుపట్టను. నాగలి అలాగే బతుకుతుంది. కాకపోతే కేటలాగు ఊహించుకునే పాఠకుడికి ఉండాల్సింది నైపుణ్యం కాదు, డబ్బు.

ఈ మూడూ చదివాక, ఇలాంటి రచన మనకి కొత్త కాదని గుర్తొచ్చింది. పంచాంగాలకీ పూజావిధానాలకీ పేరుపడ్డ ఊరు రాజమండ్రి. కొండపల్లి వీరవెంకయ్య వారివో, గొల్లపూడి వీరాస్వామి వారివో వ్రతకల్పాలు లేని ఇల్లు మా చుట్టాల్లో లేదు. వ్రతకల్పం అంటే ఏమిటి? అదీ మాన్యువలే. ముందు కావలసిన సామగ్రి జాబితా. తర్వాత వరస తప్పకుండా చేయాల్సిన పనులు. ఏ దశలో ఏది ఎటు తిప్పాలో కూడా చెబుతుంది.

కానీ బ్రిటిష్ మాన్యువల్స్‌లో లేనివి రెండు ఇందులో ఉన్నాయి. ఒకటి అక్షతలు. వస్త్రం సమర్పించాలి, వస్త్రం లేదు. అయితే వస్త్రానికి బదులు అక్షతలు వేయమంటుంది. ఆభరణం లేదు, మళ్ళీ అక్షతలే. చేసేవాడి దగ్గర అన్నీ ఉండవని రాసినవాడికి తెలుసు. లేనప్పుడు ఏం చేయాలో చెప్పడం కూడా విధానంలో భాగమే అనుకున్నాడు. రెండోది కథ. అన్నవరంలో సత్యనారాయణ వ్రతం చేయించినవాళ్ళందరికీ తెలిసిందే. ప్రసాదం తీసుకోకుండా పరిగెత్తిన కళావతి భర్త ఓడ నీళ్ళలో కలిసిపోతుంది. పూజ ఎలా చేయాలో చెప్పి ఊరుకోరు, ఒక మెట్టు తప్పితే ఏమవుతుందో చెబుతారు. నమ్మకాల సంగతి పక్కనపెట్టి రచనా పద్ధతిగా చూస్తే, ఈ రెండూ గొప్ప ఏర్పాట్లు.

మా షెడ్డు మేస్త్రిగారికి అక్షతల విద్య వచ్చు. ఆయనకి డెబ్భై దాటాయి. ఇంగ్లీషు చదవడం రాదు. హెరాల్డ్ బానెట్టు మొత్తం, రెక్కలతో సహా, ముందుకి ఒరిగి లేస్తుంది. ఆయన ముందు టైరు మీద పీటేసుకున్నట్టు కూర్చుని, స్టార్ట్ చేయమని, చెవి పెట్టి వింటారు. వాల్వుకీ రాకర్‌కీ మధ్య పది థౌ సందుండాలని, అంటే అంగుళంలో నూరో వంతుండాలని, పుస్తకం అంటుంది. ఆయన ఫీలర్ గేజ్ ముట్టకుండా సరిచేశారు. తర్వాత నేను గేజ్ పెట్టి చూస్తే నాలుగింటికీ నాలుగూ సరిగ్గా ఉన్నాయి. మిగతా నాలుగూ చూడడం మానేశాను. బాడీకీ ఛాసిస్‌కీ మధ్య ఉండాల్సిన రబ్బరు దిమ్మలు పూర్తిగా చివికిపోయాయి. ఇంగ్లండునించి తెప్పిద్దామన్నాను. ఆయన నవ్వి, మూతపడ్డ రైసుమిల్లునించి పాత బెల్టు తెచ్చి, పొరలు చూసి కోసి వేశారు. చెన్నై పుదుప్పేటలో దొరకనిదాన్ని పక్కనున్న లేతు మీద చేయించారు. ఏ కేటలాగులోనూ లేని నంబర్లు అవి.

ఇక్కడితో ఆపితే ఇది ఒక అందమైన వ్యాసం అవుతుంది. చదువురాని మేస్త్రి గెలిచాడు, ఇంగ్లీషు పుస్తకం ఓడిపోయింది అని. అలా ఆపడం అబద్ధం.

ఈ కార్లలో ముందు చక్రం మొత్తం ఒక మరసీల మీద తిరుగుతుంది. వర్టికల్ లింక్ అనే ఉక్కు కడ్డీ కింది చివర మరలుంటాయి. అవి ట్రన్నియన్ అనే కంచు దిమ్మలోకి దిగుతాయి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మరలు కదలాలి. అందులో గ్రీజు కాదు, గేరాయిల్ వేయాలని కంపెనీ మాన్యువల్ చెబుతుంది. గ్రీజు ఒకచోటే గడ్డకట్టి, మరల లోపలికి పాకదు. లోపలికి పోయిన నీళ్ళు తుప్పు పట్టిస్తాయి. చివరికి కడ్డీ పుటుక్కుమంటుంది. ఈ కారణం మాన్యువల్ చెప్పదు. నూనె వేయమని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తుంది. నేను ముందు రాత్రి ఆ పేజీ చదివాను. మర్నాడు మేస్త్రిగారు గ్రీజు గన్ను పెట్టి కొడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. యాభై ఏళ్ళుగా చేస్తున్న మనిషికి నేను చెప్పేదేంటి అనుకున్నాను. దాన్ని అప్పుడు వినయం అనుకున్నాను. నిజానికి ఆయన్ని ఒక కథలో పాత్రగా చూస్తున్నాను కాబట్టి, ఆయన తప్పు చేయగలడన్న ఆలోచనే రాలేదు.

ఆ వానాకాలం దాటాక, కాలవ గట్టు మీద మలుపు తిరుగుతుంటే కుడి చక్రం బండి కిందకి మడుచుకుపోయింది. నెమ్మదిగా పోతున్నాం కాబట్టి కారు గట్టు అంచున ఆగింది. వెనక సీట్లో మా అమ్మాయి ఉంది.

ఇంగ్లండు యజమానుల్లో ఇది అందరికీ తెలిసిన ప్రమాదమే. ట్రయంఫ్ వాళ్ళ సంఘాల్లో నూనె, గ్రీజు అని వాదించుకుంటూనే ఉంటారని తర్వాత తెలిసింది. మాన్యువల్ వదిలేసిన కథని వాళ్ళు తమలో తాము చెప్పుకుంటున్నారు. మన షెడ్లలోనూ కథలున్నాయి. ఆ కథలు ఈ కథల్ని ఎప్పుడూ కలవలేదు, అంతే.

కలిసిన సందర్భం నాకు తెలిసి ఒక్కటి. హెరాల్డ్ వెనక చక్రాల అమరికని, స్వింగ్ యాక్సిల్‌ని, ఇక్కడి కొనుగోలుదార్లూ మెకానిక్కులూ నమ్మలేదు. డెబ్భైల్లో దాని స్థానంలో గెజెల్ అనే కారు తెచ్చినప్పుడు మద్రాసు కంపెనీ ఆ అమరిక తీసేసి, లారీలకుండేలాంటి మామూలు బిగుసు యాక్సిల్ పెట్టింది. షెడ్డు చెప్పిన మాట ఫ్యాక్టరీ విన్న సందర్భం అది. కానీ ఆ షెడ్లలో ఏమనుకున్నారో, ఏ గట్టు మీద ఏం జరిగిందో ఎక్కడా అచ్చులో లేదు. ఫలితం మాత్రం ఉక్కులో మిగిలింది.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. చేనేత పదాలది 1971లో. నాగలిలో ఏ ముక్కని ఏ జిల్లాలో ఏమంటారో ఊరూరా తిరిగి రాసుకున్నారు. మన భాషలో జరిగిన గొప్ప పనుల్లో అదొకటి. కానీ అది పదకోశం. పని వరస చెప్పడం దాని పని కాదు. పని చేసే చేతినించి వరసని రాబట్టి, ఏది లేకపోతే ఏది వాడొచ్చో, ఏది వాడకూడదో, తప్పితే ఏమైందో తెలుగులో రాయడం ఇంకా మిగిలే ఉంది. మిల్లు బెల్టు మంచి అక్షత, గ్రీజు అక్షత కాదు. తేడా తెలియాలంటే రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కన ఉండాలి.

మేస్త్రిగారి చేతులు ఈ మధ్య వణుకుతున్నాయి. షెడ్డు స్థలం అమ్మేద్దామని కొడుకులు అంటున్నారు. సాయంత్రాలు వెళ్ళి ఒక నోటుపుస్తకంలో ఆయన చెప్పింది రాస్తున్నాను. ఇరవై పేజీలయ్యాయి. ట్రన్నియన్ దగ్గరకొచ్చేసరికి నేను, ఆయన నొచ్చుకుంటారేమోనని, గేరాయిల్ వేయాలి అని మాత్రం రాసి పేజీ తిప్పబోయాను. ఆయన చదవమన్నారు. చదివాను.

"అంతేనేటండి? గట్టుమీద చక్రం ఇరిగిన సంగతి కూడా రాయండి బాబుగారూ. నేను గ్రీజు కొట్టానని కూడా రాయండి. ఉత్తినే నూనె పొయ్యమంటే ఎవడింటాడండి?"