మే నెల దాకా వయోలా

ఈ వారం నా వాట్సాప్‌లోకి ఒక కాగితం వచ్చి పడింది. పంపింది మా అన్నయ్య కూతురు. డల్లాస్ పక్కన ఉంటారు వాళ్ళు. వాళ్ళమ్మాయి ఆరో తరగతిలోకొచ్చింది, బళ్ళో స్ట్రింగ్ ఆర్కెస్ట్రాకి పేరిచ్చింది. కొత్తగా చేరే పిల్లలు ఎలా ఉండాలో, ఏమేం చెయ్యాలో బడివాళ్ళు రాసిచ్చిన కాగితం అది. అడుగున తల్లిదండ్రుల సంతకానికి గీత. "బాబాయ్, సంతకం పెట్టే ముందు నువ్వోసారి చూడు" అని ఒక మెసేజ్. దాని వెనకే ఇంకోటి: "వయొలిన్ అడిగితే వయోలా ఇచ్చారు. ఏం చెయ్యమంటావు?"

ఆ రెండో గొడవకి తర్వాత వస్తాను. కాగితం మాత్రం నాకు తెగ నచ్చింది.

అందులో సంగీతం కంటే ముందు గోళ్ళొచ్చాయి. ఎడమచేతి గోళ్ళు కత్తిరించుకుని రావాలి. పెన్సిలు తెచ్చుకోవాలి, పెన్ను పనికిరాదు. పెట్టె మీద పేరుండాలి. చూయింగ్ గమ్ నోట్లో ఉండకూడదు. కమాను వెంట్రుకల్ని వేళ్ళతో తాకకూడదు, జిడ్డు అంటుకుంటే రోజిన్ పట్టదు, రోజిన్ పట్టకపోతే తీగ పలకదు. వాయించడం అవగానే కమాను మర వదులు చేసి మరీ పెట్టెలో పెట్టాలి. బిరడాల జోలికి పోకూడదు, శ్రుతి చేసేది టీచరే. వాయిద్యాన్ని కారులో వదిలెయ్యకూడదు, టెక్సస్ ఎండకి లోపలి జిగురు మెత్తబడి అతుకులు ఊడతాయి. ఇంటి దగ్గర వారానికి అయిదు రోజులు, రోజుకి 20 నిమిషాలు సాధన. చేరడానికి ముందే ఏమైనా వచ్చి ఉండాలా అంటే, అక్కర్లేదని మొదటి వాక్యంలోనే రాసేశారు.

ఆ మొదటి వాక్యానికి నేను ఎందుకు పొంగిపోయానో ఈ కాలమ్ చదివేవారికి చెప్పక్కర్లేదు. టీవీలో ఏడేళ్ళ పిల్లలకి మార్కులు వేసి ఏడిపించే కార్యక్రమాలంటే నాకెంత ఒళ్ళుమంటో, గీతాలు దాటకుండానే అచ్చు వేయించే అరంగేట్రం కార్డులంటే ఎంత కడుపుమంటో మీకు తెలుసు. "మావాడిలో టాలెంట్ ఉందంటారా?" అని అడిగే తండ్రులకి నేనిచ్చే జవాబు కూడా మీకు కంఠతా వచ్చుండాలి. పదిమంది నేర్చుకుంటే ఒకడు విద్వాంసుడైతే అయ్యాడు, తక్కిన తొమ్మిదిమంది మంచి శ్రోతలవుతారు, ఊరికి కావలసింది ఆ తొమ్మిదిమందే. నా మీద ఇన్నాళ్ళూ ఈ విషయంలో కత్తిగట్టిన పాఠకుడు, కాకినాడ పెద్దాయన ఒకరు, ఈసారి కూడా ఉత్తరం రాస్తారని నాకు తెలుసు. రాయనివ్వండి.

కాగితంలో నాకు గుచ్చుకున్నవీ లేకపోలేదు. పిల్లలకి వేళ్ళు ఎక్కడ వెయ్యాలో తెలియడానికి పలక మీద రంగు టేపులు అతికిస్తారట. స్వరస్థానాన్ని చెవితో వెతుక్కోవాల్సింది పోయి కంటితో వెతుక్కోవడమేమిటి అనిపించింది. పాఠం డి తీగ మీద మొదలవుతుంది, అలా వేలు వేలు పెంచుకుంటూ పోతే వచ్చేది మన లెక్కలో శంకరాభరణం. మన పిల్లలకి పురందరదాసు కాలం నుంచీ మాయామాళవగౌళతో అక్షరాభ్యాసం అయితే వీళ్ళకి దీనితో. సరే, ఎవరి ఓనమాలు వాళ్ళవి.

మనదగ్గర ఇలాంటి కాగితం ఎవరిస్తారు?

విజయనగరంలో నేను చిన్నప్పుడు ఫిడేలు నేర్చుకోవడానికి వెళ్ళిన మాస్టారి ఇంట్లో నియమాలు లేవు. లేవనే అనుకునేవాళ్ళం. పొద్దున్నే అరుగు మీద చాప పరిచి కూర్చునేవాళ్ళం. ఆయన వక్కలు కత్తిరించుకుంటూ ఉండేవారు. స్క్రోలు కుడికాలి చీలమండ మీద ఆనించి, సరళీ వరుస మూడు కాలాల్లో వాయించాలి. బాగుంటే అడకత్తెర ఆగేది కాదు. తప్పు పోతే ఆగేది. ఎక్కడ తప్పో చెప్పేవారు కాదు, మళ్ళీ అడకత్తెర కదిలేదాకా మనమే వెతుక్కోవాలి. ఆ పద్ధతిలో చెవి తయారైన మాట నిజం. ఇప్పటికీ ఎవరైనా అంతర గాంధారం కాస్త దింపి వాయిస్తే నాకు అడకత్తెర ఆగినట్టే ఉంటుంది.

నాతోబాటు ఒక కుర్రాడు వచ్చేవాడు. నాకంటే చురుకు. ఒకరోజు మాస్టారు లోపలికి వెళ్ళినప్పుడు, శ్రుతి దిగిందని తనే బిరడా తిప్పాడు. పై తీగ ఠప్పున తెగింది. మాస్టారు బయటికొచ్చారు, తీగని చూశారు, వాణ్ణి చూశారు. ఒక్క మాట అనలేదు. కొత్త తీగ వేసిచ్చారు కూడా. ఆ మర్నాటి నుంచి వాడి వంతు మాత్రం రాలేదు. వాడు రోజూ వచ్చేవాడు, చాప మీద కూర్చునేవాడు, మా అందరి పాఠాలూ వినేవాడు, వెళ్ళిపోయేవాడు. కొన్నాళ్ళకి రావడం మానేశాడు. బిరడా ముట్టుకోకూడదని వాడికి ఎవరూ ముందు చెప్పలేదు. తర్వాతా చెప్పలేదు.

అదే మాస్టారు మా అందరికీ ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కథ చెప్పేవారు, కళ్ళు మెరుస్తుండగా. 1919లో విజయనగరం మహారాజావారు సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. చూపు సరిగా ఆనక బడి చదువు ఆగిపోయిన నాయుడుగారు విద్యార్థిగా చేరదామని వెళితే, ఆయన వాయించింది విని అక్కడే ఆచార్యుడిగా వేసుకున్నారని ఊళ్ళో చెప్పుకునే కథ. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు దాటి ఏడాది. తర్వాత 1936లో అదే కళాశాలకి ప్రిన్సిపాలయ్యారు. మా ఊళ్ళో ఫిడేలు పట్టిన ప్రతివాడికీ ఈ కథ వచ్చు. ఎంత గొప్ప కథో, కొత్తగా చేరేవాడికి అంత చేటు కథ. చేరడానికి వెళ్ళేనాటికే అన్నీ వచ్చి ఉండాలన్న మాట చెవిలో పడుతుంది. గోళ్ళు కత్తిరించుకుని రమ్మనే కథ మాకెవరూ చెప్పలేదు.

అందుకే డల్లాస్ కాగితం చూసి ముచ్చటపడ్డాను. ఇక వయోలా గొడవకి వస్తాను.

మా అమ్మాయి బాధ ఏమిటంటే, కౌన్సెలింగ్‌లో కంప్యూటర్ సైన్స్ పెట్టుకుంటే సివిల్ వచ్చినట్టయింది. వయొలిన్ అడిగినవాళ్ళు బోలెడుమంది, వయోలా అడిగినవాళ్ళు లేరు, ఈ పిల్ల చేతులు కాస్త పొడుగు, దీనికి అంటగట్టారు. "ఎవరైనా విన్నారా బాబాయ్ వయోలా పేరు? మానిపించేసి జూమ్‌లో కర్ణాటక సంగీతం పెట్టిస్తా" అంది ఫోన్లో.

విన్నాం. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు వయోలా వాయించేవారు. శంకరగుప్తంలో పుట్టినాయన, మనాయనే. 1784లో వియన్నాలో నలుగురు స్వరకర్తలు ఒకచోట చేరి వాయించుకున్న సంగతి ఒక గాయకుడు రాసిపెట్టాడు. హైడన్ మొదటి వయొలిన్, డిట్టర్స్‌డార్ఫ్ రెండోది, వాన్‌హాల్ చెలో. వయోలా మొజార్ట్‌ది. అది వాయించడం ఆయనకి ఇష్టం. వయొలిన్‌కున్న సన్నటి ఇ తీగ దీనికి ఉండదు, బదులుగా అడుగున మంద్రంగా సి తీగ ఉంటుంది. తక్కిన మూడు తీగలూ రెండిటికీ ఒకటే. పాట చాలావరకు వయొలిన్ల చేతిలో ఉంటుంది, వయోలాకి దక్కేది నడిమి పలుకు. అది తీసేస్తే ఏదో పలచబడిందని తెలుస్తుంది, ఏది పోయిందో చప్పున చెప్పలేం.

ఇదంతా చెప్పాను. అమ్మాయి ఊ కొట్టింది గానీ మెత్తబడలేదు. "మానిపించెయ్యనా, వద్దా?" అంది.

నా సమాధానం ఏమై ఉండాలో మీకు తెలుసు. పిల్లలు మానేస్తామంటే మానెయ్యనివ్వండి, సంగీతం బలవంతపు తిండి కాకూడదని ఈ పేజీలో ఎన్నోసార్లు పోట్లాడాను. అందుకే కాగితంలో చివరి నియమం దగ్గర నా కనుబొమ్మ లేచింది. చేరినవాళ్ళు విద్యాసంవత్సరం అయ్యేదాకా, అంటే మే నెల దాకా, మానడానికి వీల్లేదట. ఆరో తరగతి పిల్లకి బాండు పేపరేమిటి? దీన్ని దులిపెయ్యడానికే ఈ వారం కాలమ్ మొదలెట్టాను.

ఈలోగా మనవరాలు ఫోన్ లాక్కుంది. "తాతయ్యా, కమాను ఇంకా ఇవ్వలేదు. పెన్సిలు పట్టుకోమంటున్నారు" అని కెమెరా ముందు పట్టి చూపించింది. బొటనవేలు లోపల వంగి ఉంది, చిటికెనవేలు పైన గుండ్రంగా నిలబడింది. కాగితంలో పెన్సిలు ఎందుకు అడిగారో అప్పుడు సగం అర్థమైంది. రెండో సగం కూడా తనే చెప్పింది. ఇద్దరికి ఒక స్టాండు, దాని మీద ఒకే పుస్తకం. శ్రోతల వైపు కూర్చున్నది బయటిది, ఇవతలిది లోపలిది. మా మనవరాలు లోపలిది. టీచరు చెప్పిన గుర్తులు పెన్సిలుతో పుస్తకంలో వెయ్యడం, పేజీ తిప్పడం లోపలి మనిషి పని.

"నువ్వు పేజీ తిప్పుతుంటే మరి వాయించేదెవరే?"

"ఆ అమ్మాయి ఆపకుండా వాయిస్తూ ఉంటుంది తాతయ్యా. నేను తిప్పి మళ్ళీ కలుస్తా."

వయోలా వాళ్ళు మొత్తం ఎంతమందని అడిగాను. నలుగురట.

మన కచేరీలో ఫిడేలు వాయించేవాడు ఒక్కడే. గాయకుడి వెనకాల అడుగులో అడుగు వేస్తూ తన కమాను తనిష్టం వచ్చినట్టు నడుపుకుంటాడు. ఫిడేలుని మన సంగీతంలోకి తెచ్చిన బాలుస్వామి దీక్షితర్ నుంచి ఈ రెండు వందల ఏళ్ళూ ఆ వాయిద్యాన్ని మనం అలాగే మలుచుకున్నాం. వరసల్లో కూర్చుని, నొటేషన్ చూస్తూ, అందరి కమానులూ ఒకేసారి కిందికీ ఒకేసారి పైకీ లాగేవాళ్ళని చూడాలంటే ఒకప్పుడు మద్రాసు రికార్డింగ్ థియేటర్లకే వెళ్ళాలి. వాళ్ళ పేర్లు సినిమా టైటిళ్ళలో ఉండేవి కావు. ఆర్కెస్ట్రా అంటే ఆ వరస. అడకత్తెర దగ్గర నేను మానేస్తే మాస్టారికి ఒక వంతు తగ్గేది, ఇంకెవరి పాఠమూ చెడేది కాదు. నా వాదం ఆ చాప మీద పుట్టింది, ఆ చాపకి సరిపోతుంది. నలుగురిలో ఒకతె అక్టోబరులో లేచిపోతే బయట కూర్చున్న పిల్ల వాయించుకోనా, పేజీ తిప్పుకోనా?

ఇంకో లెక్క కూడా ఉంది. కీబోర్డు మీట నొక్కితే మొదటిరోజే నికార్సైన స్వరం పలుకుతుంది. కమాను వాయిద్యానికి ఆ సుఖం లేదు. కమాను తిన్నగా గుర్రానికి (బ్రిడ్జికి) సమాంతరంగా నడవడానికే నెలలు పడుతుంది, ఆ నెలలన్నీ ఇంటిల్లిపాదీ చెవులు మూసుకోవాలి. డిసెంబరు కచేరీలో తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకుని వీళ్ళు వాయించేది చిన్న చిన్న పాటలే. ఆలోపు మానేసేవాడు రోజిన్ పొడినీ మెడనొప్పినీ వదిలేస్తాడు, సంగీతం వాడిదాకా ఇంకా రానే లేదు. మే దాకా ఉంచమన్న నియమం కఠినమే గానీ, పిల్లకి వాయిద్యాన్ని చూసి మరీ వద్దనే అవకాశం దాంట్లోనే ఉంది.

కాబట్టి సంతకం పెట్టెయ్యమన్నాను. రోజూ 20 నిమిషాలు సాధన చేసిందని తల్లి వారం వారం సంతకం చెయ్యాలన్న ముక్క మాత్రం నాకు ఇప్పటికీ నచ్చలేదు. మన ఇళ్ళలో ఆ సంతకాలు ఎలా పడతాయో నాకు తెలుసు. ఆదివారం రాత్రి పదింటికి, అయిదు రోజులవీ ఒకే పెన్నుతో.

వాయిద్యం కొనొద్దన్నాను. అద్దెకి తీసుకోమన్నాను, ఆ అద్దె కూడా మే ఆఖరు దాకానే రాయించమన్నాను. జూన్‌లో పిల్ల వద్దంటే పెట్టె తిరిగిచ్చెయ్యడం, ఎందుకని అడక్కపోవడం. ఆ మాత్రం నా పాత పట్టు నాకుంది.

"ఇంకా వాయిస్తానంటేనో?" అంది మా అమ్మాయి.

అప్పటికి చెయ్యి సాగుతుంది. ఇప్పుడున్న 13 అంగుళాలది ఇచ్చేసి 14 అంగుళాలది తెచ్చుకోండి.