తిట్టుకి వయసైపోతే

పాత ఇంగ్లీషు తిట్ల జాబితాలు ఫోన్లలో తిరుగుతుంటాయి. జౌండ్స్, గాడ్‌జూక్స్, బ్లైమీ. భలే ముద్దుగా ఉన్నాయే అనుకుని పక్కకు జరిపేస్తాం. పుట్టినప్పుడు అవి ముద్దు మాటలు కావు. జౌండ్స్ అంటే దేవుడి గాయాలు, శిలువ మీద క్రీస్తుకైన గాయాలు. బ్లైమీ అంటే 'దేవుడు నా కళ్లు తీసెయ్యనీ' అని. నాటకాల్లో దేవుడి పేరు ఎగతాళిగా పలికితే 10 పౌన్ల జరిమానా అని 1606లో ఇంగ్లండులో చట్టమే చేశారు. తర్వాత్తర్వాత ఆ భయం పోయింది. భయంతో పాటే తిట్టు కోరలూ ఊడిపోయాయి.

ఆళ్లగడ్డ పక్క మాటలు విని పెరిగిన చెవికి ఇక్కడో తేడా తగులుతుంది. వాళ్లు దేవుడి మీద ఒట్టేసి తిట్టారు. మనం కోరిక కోరి తిడతాం. "నీ దుంప తెగ", "నీ తల పగల", "నీ నోట్లో మన్ను బడ". చివర 'గాక' అని పలక్కపోయినా వినబడుతూనే ఉంటుంది. దీవెనదీ ఇదే వ్యాకరణం. అందుకే తిట్టబోయిన నోరు ఆఖరి క్షణంలో "నీ ఇల్లు బంగారం గాను" అని మలుపు తీసుకోగలదు. దుంప సంగతే చూడండి. నేలలో ఏ కాస్త మిగిలినా మళ్లీ మొలుస్తుంది. అది కూడా తెగాలంటే వంశమే ఆగిపోవాలని. మట్టి తెలిసినవాళ్ల తిట్టు. అదే మాట, పిల్లోడు తెలివిగా జవాబు చెబితే మురిపెంగానూ వస్తుంది. "యాడ సచ్చినావురా ఇన్ని దినాలు?" అన్నది మా పక్క పలకరింపు. వెనకే "రా, బువ్వ తిందువు" అని ఉంటుంది. ఫ్యాక్షన్ సినిమాలు సీమ నోట్లోంచి తొడగొట్టే తిట్టును తీసుకుని, ఈ బువ్వను వదిలేశాయి.

తెలుగు సాహిత్యంలో బాగా పేరుపడ్డ ఇంగ్లీషు తిట్టు మాత్రం గిరీశానిది. డామిట్. నరకానికి పొమ్మనే శాపం అది. గిరీశం నోట్లో శాపం లేదు, సరదాగా తొడుక్కున్న కోటు ఉంది. 1914లో లండన్లో షా నాటకం 'పిగ్మేలియన్'లో ఎలైజా 'బ్లడీ' అంటే పెద్ద గోలైంది. పూలమ్ముకునే పిల్ల ఎంత దొరసాని వేషం కట్టినా ఆ మాట దగ్గర వేషం జారింది. గిరీశానికి ఆ మాటే వేషం.

డామిట్‌కి నవ్వేసి మనం అక్కడే ఆగిపోతాం. 'కన్యాశుల్కం'లో నిజంగా పనిచేసే తిట్టు వేరే ఉంది. 'వెధవ'. విధవ నుంచి వచ్చిన మాట. మొగుడు పోయిన బుచ్చమ్మ ఇంట్లో కూర్చున్న నాటకంలో, మగవాళ్లు ఒకర్నొకరు తక్కువ చేసుకోడానికి ఆమె బతుకునే వాడుకుంటారు. వితంతువు గురించి ఉపన్యాసం కొట్టడం గిరీశానికి చేతనవును. ఆ నాటకంలో వితంతువు బతుకేంటో తెలియాలంటే ఉపన్యాసం కంటే తిట్టు దగ్గర చెవి పెట్టాలి. నా లెక్కలో గురజాడ భాష చేసిన అసలు పని అదే. పండితుడి భాషలో రాసుంటే ఈ సాక్ష్యం మనకు దొరికేది కాదు.

వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని చట్టం 1856లోనే వచ్చింది. 1881లో రాజమండ్రిలో వీరేశలింగం చేసి చూపించారు. 'కన్యాశుల్కం' 1897లో అచ్చయింది. తిట్టు మాత్రం చెక్కుచెదరలేదు. ఇవాళ స్నేహితుణ్ణి వెధవా అని ప్రేమగానే పిలుస్తాం, అందులో విధవ ఉందని ఎవరికీ తట్టదు. దీన్నీ జౌండ్స్‌తో కలిపి, అర్థం అరిగిపోయిన మాటే కదా అనొచ్చు. నాకు ఒప్పుదల కాదు. జౌండ్స్‌లో గాయం దేవుడిది. ఇందులో గాయం మన ఇంటి మనిషిది, ఇంకా మానలేదు. ఇప్పటికీ ఎన్నో పెళ్లిళ్లలో మొగుడు పోయినామె కన్నబిడ్డకు అక్షింతలు వెయ్యడానికి కూడా ముందుకు రాదు. వెనక వరసలో నిలబడుతుంది.

ఆ మాట వాడొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆమె అందరికంటే ముందు నడిచొచ్చి అక్షింతలు వేసినా ఎవరూ తల తిప్పి చూడని రోజు వస్తే, 'వెధవ' కూడా ముద్దు జాబితాలో చేరుతుంది. అప్పటిదాకా అది పాత తిట్టు కాదు.