ఆసు ఆగితే మగ్గం ఆగుతుంది

"అన్నా, మా పీసీల ఈ కార్డు ఏస్తే జీటీఏ మంచిగ నడుస్తదా?"

నల్లగొండలో బీటెక్ చదివే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. కార్డు పేరు మారుతుంది, ఆట పేరు మారుతుంది, ప్రశ్న మారదు. నేను తిరిగి అడిగేదీ మారదు: "ప్రాసెసర్ ఏంది తమ్మీ?" "ఐ5 అన్నా" అంటారు. ఏ ఐ5? 2011 నాటిదా, 2013 నాటిదా, 2022 నాటిదా? అక్కడ ఆగిపోతారు. కార్డు మోడల్ నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఒకే గ్రాఫిక్స్ కార్డును పాత ప్రాసెసర్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి నడిపి చూడటం నాకు ఏళ్లుగా ఉన్న అలవాటు. దాంట్లో నాకు అర్థమైనంత వరకు ఈ పిల్లలకూ, డబ్బు కట్టే వాళ్ల నాయనలకూ చెప్పాలని ఈ వారం కూర్చున్నాను.

మన దగ్గర గేమింగ్ పీసీ అంటే చాలా ఇళ్లలో కొత్త పెట్టె కాదు. పెద్ద ఆఫీసులు వదిలించుకున్న డెల్, హెచ్‌పీ మెషీన్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ లాంటి చోట్ల దొరుకుతాయి. అక్కడి నుంచి బస్సెక్కి నల్లగొండకు, మిర్యాలగూడకు, జడ్చర్లకు, పాలమూరుకు వస్తాయి. వాటిలో నాకు తరచూ తగిలేది 2013లో వచ్చిన నాలుగో తరం ఇంటెల్ ఐ5. నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరమైనా ఉండాలి. ఇలాంటి మెషీన్లను ఆఫీసులు వదిలించుకోవడానికి అదీ ఒక కారణం. ఇటు కార్డుల సంగతి చూస్తే, 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ ఆగిపోయాక, అప్పటిదాకా రాత్రింబవళ్లు నడిచిన కార్డులెన్నో సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వచ్చాయి. అలా పదేళ్లు దాటిన ప్రాసెసరూ, దాని తర్వాత ఎన్నో ఏళ్లకు పుట్టిన కార్డూ ఒకే పెట్టెలో చేరుతున్నాయి.

ఆటలో తెర మీద కనిపించే ఒక్కో ఫ్రేము రెండు చేతుల మీదుగా వస్తుంది. కారు ఎటు తిరిగింది, తూటా ఎవరికి తగిలింది, రోడ్డు మీద మనుషులు తర్వాతి అడుగు ఎటు వేయాలి, ఇవన్నీ ప్రాసెసర్ లెక్కగట్టి, ఏమేం గీయాలో జాబితా రాసి కార్డుకు ఇస్తుంది. కార్డు ఆ జాబితా చూసి బొమ్మ గీసి రంగులు నింపుతుంది. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కోదానికి దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. 144 కావాలంటే 7 మిల్లీసెకన్లు కూడా లేవు. కార్డు ఈ ఫ్రేము గీస్తుంటే ప్రాసెసర్ తర్వాతిదాన్ని సిద్ధం చేస్తుంటుంది. కాబట్టి వేగాన్ని నిర్ణయించేది రెండింటిలో ఏది ఆలస్యమైతే అదే. ఒక ఆటలో ప్రాసెసర్‌కు 20 మిల్లీసెకన్లు, కార్డుకు 8 పడుతున్నాయనుకుందాం. వచ్చేది సెకనుకు 50 ఫ్రేములు. ఆ కార్డు తీసేసి రెట్టింపు వేగమున్నది పెట్టినా వచ్చేది 50 ఫ్రేములే.

ఈ ముచ్చట మన ఉమ్మడి జిల్లా నేతన్నలకు ఎప్పటినుంచో తెలుసు. పోచంపల్లి చీరకు చిటికి కట్టాలంటే, అంటే రంగు అద్దే ముందు దారానికి ముడులు వేయాలంటే, ముందు ఆసు పోయాలి, దారాన్ని మేకుల చుట్టూ చుట్టాలి. ఒక్క చీరకు తొమ్మిది వేల సార్లు చేయి అటూ ఇటూ ఆడాలి, నాలుగైదు గంటల పని. అది ఇంటి ఆడవాళ్ల భుజాల మీద పడేది. ఆసు పోయకపోతే చిటికి లేదు, చిటికి లేకపోతే రంగు లేదు, రంగు లేకపోతే మగ్గానికి పేక లేదు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి పడే నొప్పి చూడలేక ఏళ్లపాటు కష్టపడి యంత్రం చేశారు. ఆమె పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని. గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఇక్కడ నేను గుర్తుపెట్టుకున్నది ఒక్కటి: ఆయన పట్టించుకున్నది మగ్గాన్ని కాదు, మగ్గానికి దారం అందించే పనిని. మన పిల్లల పీసీలో కార్డు మగ్గం, ప్రాసెసర్ ఆసు.

ఎక్కడ ఆగుతోందో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే ఆట ఆడుతుండగానే తెర మూలన ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు), కార్డు వాడకం, ఒక్కో కోరు వాడకం, వేడి అన్నీ కనిపిస్తాయి. వి-సింక్ ఆపేయాలి, ఫ్రేముల మీద పరిమితి ఉంటే తీసేయాలి. ఆటలో ఒకే చోట, ఒకే దారిలో తిరగాలి. జీటీఏ 5లో, సైబర్‌పంక్ 2077లో బెంచ్‌మార్క్ లోపలే ఉంటుంది, అది ఇంకా మేలు. మొదటిసారి వచ్చిన అంకెను నేను లెక్కలోకి తీసుకోను. ఆట ఫైళ్లు, షేడర్లు అప్పుడే లోడవుతుంటాయి కనుక అది తక్కువే చూపిస్తుంది. ఆ తర్వాత అసలు పరీక్ష: రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించండి. కార్డుకు గీయాల్సిన చుక్కలు సగానికన్నా తగ్గిపోతాయి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే ఇంతసేపూ ఆగింది కార్డు దగ్గర. కదలకపోతే ప్రాసెసర్ దగ్గర.

కార్డు వాడకం 97, 99 శాతంలో ఉంటే కార్డు పూర్తిగా పనిచేస్తున్నట్టే. 50, 60 దగ్గర ఊగుతుంటే దానికి అందాల్సిన జాబితా అందట్లేదు. ఇక్కడే పిల్లలు తడబడతారు. "ప్రాసెసర్ నలభై శాతమే వాడుతుంది కదన్నా, ఇంక దాని తప్పేముంది?" అంటారు. ఆ నలభై అన్ని కోర్ల సగటు. ఆటలో ముఖ్యమైన పని ఎక్కువగా ఒకటి రెండు థ్రెడ్ల మీదే నడుస్తుంది. ఎనిమిది థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్డు నూటికి నూరు పనిచేస్తూ మిగతావి ఖాళీగా ఉంటే టాస్క్ మేనేజర్ చూపించేది 12, 13 శాతమే. పనిలో పంచలేని భాగమే మొత్తం వేగానికి హద్దు గీస్తుందని జీన్ ఆమ్‌డాల్ 1967లోనే చెప్పాడు. ఒక్కో కోరు అంకె విడిగా చూడండి.

పాతకొత్తల తేడా పెట్టె మీది పేరులో దొరకదు. 2017 జనవరిలో వచ్చిన ఐ7-7700కె అప్పట్లో ఆటలకు తిరుగులేనిది. అయిదేళ్ల తర్వాత, 2022 జనవరిలో ఇంటెల్ తెచ్చిన ఐ3-12100లో కూడా నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే. అయినా ఆటల్లో ఈ ఐ3 ఆ ఐ7ను దాటుతుంది. ప్రతి క్లాక్ టిక్కుకూ ఎక్కువ పని చేయగలగడమే కారణం. గిగాహెర్ట్జ్ కూడా మొత్తం కథ చెప్పదు. ఏఎండీ రైజెన్ 7 5800ఎక్స్3డీ వేగం, దాని అన్న 5800ఎక్స్ కన్నా గిగాహెర్ట్జ్‌లో తక్కువ. కానీ ఎల్3 క్యాష్ 32 మెగాబైట్ల నుంచి 96కు పెరిగింది. ఆటకు కావాల్సిన సమాచారం ర్యామ్ దాకా పోకుండా పక్కనే దొరకడం వల్ల చాలా ఆటల్లో అదే ముందుంటుంది. నాకు ఈ పరీక్షల్లో అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇదే.

నాలుగో తరం ఐ5 దగ్గరికి మళ్లీ వస్తాను, మన ఇళ్లలో ఉన్నది అదే కాబట్టి. దాని సగటు ఎఫ్‌పీఎస్ చూసి మోసపోవద్దు. చూడాల్సింది '1 శాతం లో (low)' అనే అంకె, అంటే అన్నిటికన్నా మెల్లగా వచ్చిన ఫ్రేముల వేగం. సగటు 60 ఉన్నా, జీటీఏలో కారు వేగంగా సెంటర్‌లోకి రాగానే బొమ్మ గిలగిలా కొట్టుకుంటే ఆ అంకె పాతాళంలో ఉన్నట్టు. అదే బోర్డులో కూర్చునే ఐ7-4770కు నాలుగు కోర్ల మీద ఎనిమిది థ్రెడ్లుంటాయి. సెకండ్ హ్యాండ్‌లో అది దొరికితే ఈ కుదుపులు చాలా తగ్గుతాయి. దానికన్నా ముందు పెట్టె తెరిచి ర్యామ్ చూడండి. ఆఫీసు మెషీన్లలో తరచూ ఒక్కటే స్టిక్కు ఉంటుంది. అలాంటిదే రెండోది జత చేస్తే ర్యామ్ దారి రెండింతలవుతుంది, ప్రాసెసర్‌కు ఊపిరాడుతుంది. కొత్త కార్డు ఖర్చులో అది చిన్న వంతు.

ఇంటర్నెట్లో కార్డుల గ్రాఫులు చూసి కొనేవాళ్లకు గట్టిగా చెప్పాలనుకుంటున్నది ఒకటుంది. కార్డును పరీక్షించేవాళ్లు కావాలనే అన్నిటికన్నా వేగమైన ప్రాసెసర్ పెడతారు. కార్డు సత్తా ఎంతో కనబడాలంటే ప్రాసెసర్ అడ్డు ఉండకూడదు. అది సరైన పద్ధతే. కానీ అక్కడ 140 అని రాసి ఉంటే అది ఆ కార్డు సత్తా, మీ ఇంటి పీసీ సత్తా కాదు. ప్రాసెసర్ పరీక్షలు తలకిందుగా ఉంటాయి, అక్కడ అన్నిటికన్నా పెద్ద కార్డు పెడతారు. మీ ప్రాసెసర్ గ్రాఫులో ఒక అంకె, మీ కార్డు గ్రాఫులో ఒక అంకె తీసుకోండి, ఆటా సెట్టింగులూ ఒకటే అయి ఉండాలి. రెండింటిలో తక్కువది మీది.

ఒక్కోసారి అది కూడా సరిపోదు. 2024 డిసెంబర్‌లో ఇంటెల్ ఆర్క్ బి580 కార్డు వచ్చింది. 12 గిగాబైట్ల మెమరీ, తక్కువ ధర, అందరూ మెచ్చుకున్నారు. 2025 జనవరిలో హార్డ్‌వేర్ అన్‌బాక్స్‌డ్, హార్డ్‌వేర్ కెనక్స్ వంటి యూట్యూబ్ చానళ్ల వాళ్లు దాన్నే రైజెన్ 5 2600 లాంటి పాత ప్రాసెసర్లతో పరీక్షించారు. కొన్ని ఆటల్లో వేగం బాగా పడిపోయింది, పోటీ కార్డు దాన్ని దాటేసింది. కార్డుకు ఆదేశాలు సిద్ధం చేసే డ్రైవర్ నడిచేది ప్రాసెసర్ మీదే, ఈ కార్డు డ్రైవర్ పని అప్పట్లో భారీగా ఉండేది. చవక కార్డు కొనేవాడి దగ్గరే పాత ప్రాసెసర్ ఉంటుంది కదా! ఎవరికోసం చేసిన కార్డో వాళ్లనే అది ఇబ్బంది పెట్టింది. అందుకే ఆ పరీక్షను నేను గౌరవిస్తాను. సామాన్యుడి పీసీ మీద చేసిన పరీక్ష అది.

మన ఎండల సంగతి ఆ గ్రాఫుల్లో ఎక్కడా ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో పాదరసం 44, 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఫ్యాను గాలితో నడిచే గదిలో పెట్టె పీల్చేది ఆ వేడి గాలే. ఇంటెల్ చిప్పులు 100 డిగ్రీల ప్రాంతానికి చేరగానే తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. పదేళ్ల మెషీన్‌లో థర్మల్ పేస్ట్ ఎండిపోయి, కూలర్ రెక్కల మధ్య దుమ్ము పేరుకుపోయి ఉంటుంది. జనవరిలో తీసిన అంకె మేలో రాకపోతే కార్డును తిట్టకండి. కూలర్ విప్పి, దులిపి, కొత్త పేస్ట్ రాసి మళ్లీ పరీక్షించండి. అంకెల పక్కన గది ఉష్ణోగ్రత కూడా రాసుకోండి, నేను తప్పకుండా రాస్తాను.

పాత ప్రాసెసర్‌ను చిన్నచూపు చూడమని మాత్రం నేను చెప్పను. మానిటర్ 60 హెర్ట్జ్‌దే అయి, మీరు ఆడే ఆటలో ప్రాసెసర్ కుదుపు లేకుండా 70 ఫ్రేములు అందిస్తుంటే అంతకన్నా ఏం కావాలి? కార్డు సగం ఖాళీగా ఉంటే ఆటలో టెక్స్చర్లు, రిజల్యూషన్ పెంచుకోండి. ఆ భారం కార్డే మోస్తుంది, ఫ్రేములు తగ్గవు, బొమ్మ అందంగా వస్తుంది. వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 లాంటివి 144 హెర్ట్జ్ మానిటర్ మీద పోటీగా ఆడేవాళ్లు మాత్రం ముందు ప్రాసెసర్ మీదే డబ్బు పెట్టాలి.

ఇక నా మనవి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ పాఠాలు చెప్పే సార్లు, మేడమ్‌లు ఈ రిజల్యూషన్ పరీక్షను ఒక్క ల్యాబ్ తరగతిలో చేయించండి. కంప్యూటర్ ఆర్కిటెక్చర్ పుస్తకంలోని అధ్యాయం పిల్లల కళ్ల ముందు నడుస్తుంది. దుకాణందారులు కార్డు అమ్మే ముందు కొనేవాళ్ల ప్రాసెసర్ అడగండి. నన్ను అడగడానికి వచ్చే తమ్ముళ్లు ప్రాసెసర్ పూర్తి నంబరు, ర్యామ్ స్టిక్కులు ఎన్నో, మానిటర్ ఎన్ని హెర్ట్జో, 1080లో 720లో వచ్చిన ఎఫ్‌పీఎస్ అంకెలు కాగితం మీద రాసుకుని రండి. కార్డు పేరు తర్వాత మాట్లాడుకుందాం.