మనస్తత్వ శాస్త్రం - ముస్లిం విద్వాంసుని సందిగ్ధం

మనస్తత్వ శాస్త్రం 1879లో లైప్‌జిగ్ నగరంలో పుట్టిందని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. నిజానికి విల్‌హెల్మ్ వుంట్ ఆనాడు స్థాపించింది ప్రయోగశాలను. అంతరంగ విచారణ అంతకు ఎంతో పూర్వపుది. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ భయం, కోపం, దుఃఖం, వస్వాసులను నాలుగు మనోరుగ్మతలుగా విడదీసి చికిత్స సూచించాడు.

సూడాన్ విద్వాంసుడు మాలిక్ బద్రీ 1979లో వెలువరించిన 'ముస్లిం మనస్తత్వవేత్తల సందిగ్ధం' గ్రంథానికి మూలం 1975 నాటి ఆయన ప్రసంగం. పరుల వెంట ఉడుము బొరియలో సైతం దూరే అంధానుకరణను గూర్చిన హదీసు ఆ ప్రసంగానికి ఆధారం.

1913లో వాట్సన్ బాహ్య ప్రవర్తన మాత్రమే శాస్త్రానికి తగిన విషయమని ప్రకటించాడు. ఇద్దరు నమాజు చేస్తున్నారనుకుందాం. ఒకరిది దైవప్రీతి, మరొకరిది లోకుల మెప్పు. రుకూ, సజ్దాలు ఒక్కటే, నియ్యత్ వేరు. నియ్యత్‌ను వదిలిన కొలబద్ద ఈ భేదాన్ని చూడజాలదు.

అయినా ప్రవర్తనా చికిత్సను బద్రీ స్వయంగా ప్రయోగించారు. పనిముట్టును స్వీకరించి, దాని వెనుకనున్న తత్వాన్ని నిరాకరించడమే ఆయన మార్గం. గ్రంథంలోని మేలిమి ఇదే.

లోపమూ లేకపోలేదు. ఖండనలో ఉన్న బలం నిర్మాణంలో కనిపించదు. ఆ కొరతను కొంతవరకు ఆయనే తీర్చారు: బల్ఖీ రచనను ఆంగ్లంలోకి అనువదించి, 2013లో వ్యాఖ్యతో వెలువరించారు. 2021లో పరమపదించారు.

పాఠకులు గ్రహించవలసిందొకటుంది. పూర్వీకులే సర్వం చెప్పారని తృప్తిపడటం కూడా అనుకరణే. బల్ఖీ రోగిని పరిశీలించాడు. ఆయన వారసత్వం ఆ పరిశీలనే.