పాము చుట్ట

క్యులెబ్రాని మొదటిసారి చూసినవాళ్లు దాన్ని సిగార్ అనుకోరు. మూడు సన్నటి చుట్టల్ని జడలా అల్లి, రిబ్బన్‌తో కట్టినట్టు ఉంటుంది. స్పానిష్‌లో ఆ మాటకి పాము అని అర్థం. ‘పాము చుట్ట చుట్టుకుంది’ అనే వాడుక మనకి ఎలాగూ ఉంది కాబట్టి, దీనికి తెలుగు పేరు వెతుక్కునే పని లేదు.

పద్యాలు చదివేవాళ్లకి ఇంకో పేరు కూడా తడుతుంది. నాగబంధం. పద్యంలోని అక్షరాల్ని పెనవేసుకున్న పాముల బొమ్మలో ఇమిడ్చే విద్య అది. ఆలంకారికులకి ఇలాంటి విద్యలంటే పెద్ద గౌరవం లేదు. మమ్మటుడు ధ్వని ఉన్న కావ్యాన్ని పైమెట్టు మీద కూర్చోబెట్టి, వ్యంగ్యం లేని చిత్రకావ్యాన్ని అట్టడుగు మెట్టుకి దించేశాడు. నాకు మాత్రం ఇంకాస్త మోటు పరీక్ష ఒకటుంది. బంధం విప్పేసి, పద్యాన్ని మామూలు వరసలో రాసుకుని చదివితే ఏమన్నా మిగులుతుందా? క్యులెబ్రాకీ అదే పరీక్ష పెట్టాను. ఎలాగూ దీన్ని విప్పితేగానీ కాల్చలేం.

సిగార్లలో రెండు కులాలు. నిటారుగా, ఒకే లావున ఉండేవి పరేహోలు. కొస సన్నబడేవీ, పొట్ట ఉబ్బేవీ, ఇంకే వంకరున్నా అవన్నీ ఫిగురాడోలు. క్యులెబ్రా ఈ రెండో కులంలోది. తయారీ మొదట్లో మామూలే: లోపల పూరకం ఆకు, దాన్ని పట్టి ఉంచే కట్టు ఆకు, పైన నునుపైన చుట్టు ఆకు. ఆకులో తడి ఉండగానే మూడింటిని కలిపి మెలేసి, కట్టి, అలాగే ఆరనిస్తారు. నేను కాల్చినదాని లావు 38 రింగ్ గేజ్. అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో 38 అన్నమాట. సుమారు 15 మిల్లీమీటర్లు. కంపెనీ పేరు చెప్పను. ఇక్కడ తీర్పు ఆకారం మీదే.

సిగార్ పొగ గుండెల్లోకి పీల్చరు, నోట్లో ఉంచుకుని వదిలేస్తారు. అలాగని నోటికి చేసే చెడు తగ్గదు. ఏడాదికి రెండు మూడు దాటకూడదని నేను పెట్టుకున్న లెక్క. కాబట్టి కాల్చేదేదో కాల్చదగ్గదై ఉండాలని పట్టుదల.

ముగ్గురం కూర్చుని తలా ఒకటి తీసుకున్నాం. రిబ్బన్ విప్పాక కూడా మెలిక పోదు. ఎండిన తీగలా మూడూ వంకరగానే ఉంటాయి. ఏ వేళ్ల మధ్య ఎలా పెట్టుకున్నా నిప్పు కొస ఎటో చూస్తుంది. మొదట ఎండుగడ్డి వాసన, కాస్త మిరియపు ఘాటు. సగానికి వచ్చేసరికి వేయించిన కాఫీ గింజల చేదు, దాని అడుగున మాడిన బెల్లం తీపి. బావుంది. కానీ ప్రతి వంపు దగ్గరా లోపలి ఆకు నొక్కుకుపోయి పొగ బిగుస్తుంది. గట్టిగా లాగితే వేడెక్కి నాలుక చురుక్కుమంటుంది. ఆగాలి. నిమిషానికోసారి మెల్లగా లాగితేనే రుచి ఇస్తుంది. వంపు తిరిగిన చోటల్లా బూడిద చెప్పకుండా రాలిపోతుంది.

అదే కంపెనీ అదే లావులో చేసే నిటారు సిగార్‌ని ఇంకోరోజు కాల్చాను. రుచిలో తేడా దాదాపు లేదు. తేడా అంతా టైములో ఉంది. అది నలభై నిమిషాల్లో అయిపోయింది, ఇది గంట పట్టింది. ఇంకో తేడా, దీన్ని ఒక్కణ్ణే కాల్చబుద్ధి కాదు. ఒకటి తీసుకున్నాక మిగతా రెండూ ఎవరికో చెందినవన్నట్టు కనిపిస్తాయి. రుచికి ఏమీ కలపని ఆకారం, ముగ్గురిని గంటసేపు ఒకచోట కూర్చోబెట్టింది. ఇది చిన్న గుణమేం కాదు.

ఇక్కడితో ఆపేస్తే ఇది మెచ్చుకోలు వ్యాసం అయ్యేది. కానీ క్యులెబ్రాతో పాటు ఒక కథ కూడా అమ్ముతారు. ఒకప్పుడు ఫ్యాక్టరీల్లో సిగార్లు చుట్టేవాళ్లకి, సొంతానికి రోజుకి మూడు ఇచ్చేవారట. వాటిని బయట అమ్ముకోకుండా ఇలా మెలేసి ఇచ్చేవారట. పనివాడి నోట్లో నిటారు సిగార్ కనిపించిందా, దొంగ దొరికినట్టే. దుకాణాల్లో దీన్ని నవ్వుతూ చెప్తారు. నాకు నవ్వు రాలేదు. కథ నిజమైతే ఈ వంకర ఒక అనుమానం వేసిన ముద్ర. కల్పితమైతే ఇంకా ఘోరం. పనివాణ్ణి దొంగగా చూపిస్తే సరుకుకి అందం వస్తుందని ఎవరో లెక్కేసుకున్నారు. ఎలా చూసినా మనం కొంటున్నది ఆ అనుమానాన్నే.

స్పానిష్‌లో సిగార్ చుట్టేవాణ్ణి టోర్సెడోర్ అంటారు, మెలిపెట్టేవాడు అని. మన చుట్ట కూడా చుట్టడం నుంచే వచ్చింది. రెండు భాషలూ చేతి పనినే పేరుగా పెట్టుకున్నాయి. ఆ చేతుల్ని ఎవరెలా చూశారన్నదే తేడా.

ఆ చేతులున్న మనుషులకి చెవులూ ఉన్నాయి. 1865లో హవానా ఫ్యాక్టరీల్లో, పని జరుగుతుండగా ఒకరు పైకి చదివి వినిపించే పద్ధతి మొదలైంది. చదివేవాడికి కూలీలే తమ జేబుల్లోంచి ఇచ్చుకునేవారు. మరుసటి ఏడాదే ప్రభుత్వం నిషేధించింది. అయినా చదువు మళ్లీ వచ్చింది. అలా విన్నవాటిలో వాళ్లకి బాగా నచ్చిన నవల డ్యూమా ‘ది కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో’. 1935లో వచ్చిన మాంటెక్రిస్టో సిగార్‌కి ఆ పేరు అందుకే పెట్టారంటారు. చెయ్యని నేరానికి చెరసాల్లో పడ్డవాడి కథ అది. దొంగలేమోనని అనుమానించబడ్డ మనుషులకి ఆ కథే ఎందుకు నచ్చిందో వేరే చెప్పాలా? ఒక పెట్టె మీద కూలీల అభిరుచి పేరుగా నిలిచింది. ఇంకో పెట్టెలో వాళ్ల మీది అనుమానం వంపులు తిరిగి పడుకుంది.

నా తీర్పు ఇది. రుచి కోసమైతే నిటారుదే కొనండి, డబ్బు మిగులుతుంది. క్యులెబ్రాని ఒకసారి కాల్చి చూడొచ్చు, ముగ్గురుంటేనే. మమ్మటుడి లెక్కలో మాత్రం దీన్ని అట్టడుగుకి దించలేను. ఇందులో వ్యంగ్యం ఉంది, చేసినవాళ్లు ఉద్దేశించకపోయినా. కాకపోతే అది పొగలో లేదు, రిబ్బన్ విప్పాక కూడా పోని ఆ మెలికలో ఉంది.